జేఎన్‌ఎస్ దగ్గరి అంబలి బండి: గట్టిగా పరుగెత్తినవాళ్లకు ఎప్పుడు ఏం పెట్టాలో తెలిసిన చోటు

హన్మకొండలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం (జేఎన్‌ఎస్) చుట్టుపక్కల పొద్దున పూట టిఫిన్‌కు కొదవ లేదు. ఇడ్లీ, వడ, పూరీ, మైసూర్ బోండా ఏది కావాలన్నా దొరుకుతుంది. నేను రాస్తున్నది మాత్రం కాస్త దూరంలో, వేపచెట్టు కింద ఒక అక్క పెట్టే అంబలి బండి గురించి. దానికి బోర్డు లేదు, పేరు లేదు. రెండు స్టీలు క్యాన్లు, ఒక గ్యాస్ పొయ్యి, మూత పెట్టిన గంజు, ఉడకబెట్టిన గుడ్ల గిన్నె, గుడాల (ఉడికించిన గింజల) డబ్బా, కూర్చోవడానికి కొన్ని ప్లాస్టిక్ స్టూళ్లు. అంతే.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని, అంటే ఆటల టీచర్‌ని. చదువుకునే రోజుల్లో 400 మీటర్లు పరుగెత్తేదాన్ని. ఇప్పుడు ఆదివారాలు, సెలవు రోజుల్లో మా ఆడపిల్లలను ట్రాక్ ప్రాక్టీసుకు తీసుకొస్తాను. ప్రాక్టీసు అయ్యాక వాళ్ల కడుపులో సరైన తిండి పడేలా చూడడం నా పనే. అందుకే ఒక బండిని చూసేటప్పుడు రుచి ఎట్లా ఉంది అన్నదానికి ముందు, పరుగెత్తి వచ్చిన పిల్ల ఇక్కడ నిజంగా తింటుందా అన్నది చూస్తాను. ఈ బండి దగ్గర తింటుంది. వేరే చోట్ల ప్లేటులో సగం వదిలేసే పిల్లలు ఇక్కడ గిన్నె ఖాళీ చేస్తారు. దానికి కారణం అక్క వంట ఒక్కటే కాదు, ఆమె పెట్టే వరస.

చాలామంది తల్లిదండ్రులు అనుకునేదేమిటంటే, ఎంత గట్టిగా ఆడితే అంత ఆకలి వేస్తుందని. రోజు మొత్తం మీద అది కొంతవరకు నిజమే కావచ్చు. కానీ ఆట ఆపిన వెంటనే జరిగేది వేరు. నెమ్మదిగా నడిచి వచ్చినవాళ్లకు ఆకలి మామూలుగానే ఉంటుంది. మాట్లాడలేనంత ఆయాసం వచ్చేలా పరుగెత్తినవాళ్లకు మాత్రం కాసేపు తిండి మీదకు మనసు పోదు. కొందరికి వాసన కూడా పడదు.

మొన్న ఎండలు ముదరకముందు ఒక ఆదివారం పిల్లలతో 300 మీటర్ల రిపీట్లు, అంటే అదే దూరం మళ్లీ మళ్లీ పరుగెత్తడం, చేయించాను. చివరి పరుగు అయ్యాక తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి స్టూలు మీద కూర్చుని మోకాళ్ల మధ్య తల పెట్టుకుంది. ముఖం పాలిపోయింది, పెదవులు ఎండిపోయాయి. పక్కన ఎవరో గుడ్డు ఒలుస్తుంటే ఆ వాసనకే ముఖం తిప్పుకుంది. అక్క ఆమెకు గుడ్డు ఇవ్వలేదు, అంబలి కూడా ఇవ్వలేదు. సగం గ్లాసు పలుచటి మజ్జిగలో ఉప్పు వేసి, కొంచెం నిమ్మకాయ పిండి చేతికిచ్చింది. "బిడ్డా, ఒక్కసారి తాగకు. గుక్క గుక్క తాగు. కడుపు కుదుటపడ్డంక తిండి నువ్వే అడుగుతవ్" అంది. ఆ పిల్ల చాలాసేపు గ్లాసు పట్టుకునే కూర్చుంది. తర్వాత షూస్ విప్పింది, చెట్టుకు ఆనుకుంది, పక్క పిల్లతో మాటల్లో పడింది. మేమంతా తినడం అయిపోవస్తుండగా లేచి వచ్చి, "ఆంటీ, అంబలి ఉందా?" అని అడిగింది. అంబలి తాగింది, రెండు గుడ్లు తిన్నది, గుడాలు కాగితంలో కట్టించుకుంది.

ఈ వరస అక్కకు ఎవరూ చదివి చెప్పింది కాదు. ఏళ్ల తరబడి పరుగెత్తి వచ్చేవాళ్ల ముఖాలు చూసి నేర్చుకున్నది. చదువుకున్నవాళ్లు దీని మీద చాలా పరిశోధన చేశారు, అదీ ఇదీ ఒక్కటే చెప్తున్నాయి. గట్టిగా పరుగెత్తేటప్పుడు రక్తం కాళ్ల కండరాలకు, చర్మానికి ఎక్కువగా పోతుంది, పేగులకు తగ్గుతుంది. కడుపు పని నెమ్మదిస్తుంది, అందుకే అప్పుడు ఏదైనా గట్టి పదార్థం తింటే వికారం. ఇంకోపక్క హార్మోన్లున్నాయి. ఆకలి పుట్టించే గ్రెలిన్ ఎక్కువగా కడుపులోనే తయారవుతుంది. జపాన్‌లో కొజిమా, కంగావా బృందం 1999లో దాన్ని కనిపెట్టింది. తీవ్రమైన వ్యాయామంలో చురుకైన గ్రెలిన్ పడిపోతుంది. కడుపు నిండిందని మెదడుకు చెప్పే పీవైవై, జీఎల్‌పీ-1 లాంటి హార్మోన్లు పెరుగుతాయి. ఆపాక అరగంట, గంట తర్వాత ఇవి మెల్లగా మామూలు స్థితికి వస్తాయి, ఆకలి తిరిగొస్తుంది. అక్క "కుదుటపడ్డంక" అన్న సమయం సరిగ్గా ఇదే.

400 మీటర్లు పరుగెత్తేవాళ్లకు ఇది మిగతావాళ్లకన్నా బాగా అర్థమవుతుంది. చివరి 100 మీటర్లలో కాళ్లు బిగుసుకుపోయే ఆ పరుగులో కండరాల నుంచి వచ్చే లాక్టేట్ అనే పదార్థం రక్తంలో బాగా పెరుగుతుంది. 2022లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఈ లాక్టేట్‌కూ ఆకలికీ సంబంధం చూపించింది. లాక్టేట్, ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం కలిసి లాక్-ఫి అనే పదార్థం తయారవుతుంది. ఎలుకల్లో, పందెపు గుర్రాల్లో, మనుషుల్లో కూడా వ్యాయామం తర్వాత అది రక్తంలో పెరిగింది. మనుషుల్లో స్ప్రింట్ల తర్వాత అన్నిటికన్నా ఎక్కువ, తర్వాత బరువులెత్తడం, ఆ తర్వాత నిదానంగా చాలాసేపు చేసే వ్యాయామం. ఊబకాయం ఉన్న ఎలుకలకు దాన్ని ఎక్కిస్తే 12 గంటల పాటు తిండి దాదాపు సగానికి తగ్గించాయి. మనుషులకు అదే లెక్క వర్తిస్తుందని నేను అనను. కానీ "మేడమ్, నాకు తినబుద్ధి కావట్లేదు" అని పిల్ల అంటే అది మారాం కాదని, ఒంట్లో నిజంగా ఒక పని జరుగుతోందని ఆ పరిశోధన చూస్తే తెలుస్తుంది. ఈ మాట ప్రతి తల్లికీ చెప్తుంటాను. తిట్టి తినిపించకండి, ఆగి తినిపించండి.

ఇక తిండి సంగతికి వస్తాను.

అంబలి తైదలది, అంటే రాగులది. పిండిని ముందురోజు సాయంత్రం నీళ్లలో కలిపి పులవబెడుతుంది. తెల్లవారుజామున నూకలు వేసి ఉడికిస్తుంది, చల్లారాక మజ్జిగ కలుపుతుంది. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి పక్కన పెడుతుంది, కావలసినవాళ్లు వేసుకోవచ్చు. చాలా బండ్ల దగ్గర అంబలి పేరుతో నీళ్లు పోస్తారు. ఇక్కడ గ్లాసు వంచితే అడుగున నూకలు జారుతూ వస్తాయి, పులుపు నాలుకకు తగులుతుంది కానీ గొంతు పట్టదు. ఐసు వేయదు. చల్లగా ఉంటే పిల్లలు గటగటా తాగేసి కడుపు పట్టుకుంటారని ఆమె మాట. 100 గ్రాముల తైదల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, అది బియ్యంలో దొరికేదానికి ఎన్నో రెట్లు. ఎముకలు గట్టిపడే వయసు పిల్లలకు ఇంతకన్నా మంచి గ్లాసు ఈ చుట్టుపక్కల లేదు. గ్లాసు 20 రూపాయలు.

గుడ్డు 10 రూపాయలు. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం రాకుండా ఉడకబెడుతుంది, ఒలిస్తే పెంకు శుభ్రంగా ఊడి వస్తుంది. గట్టి ప్రాక్టీసు తర్వాత రెండు గంటల లోపు బరువు కిలోకు 0.3 గ్రాముల దాకా ప్రోటీన్ తీసుకుంటే కండరాలకు మంచిదని ఆటల పోషకాహార సూచనలు చెప్తాయి. మా పిల్లలు 45 కిలోల అటూ ఇటూ ఉంటారు. అంటే 13, 14 గ్రాములు. రెండు గుడ్లలో 12 గ్రాముల దాకా వస్తుంది, మిగతాది గుడాలు చూసుకుంటాయి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ప్రోటీన్ పౌడర్ల జోలికి పోవద్దనే చెప్పింది. మా పిల్లల తల్లిదండ్రుల్లో ఎక్కువమంది కూలికి పోయేవాళ్లు. వేల రూపాయల డబ్బా కొనాలా అని అడిగితే నేను ఈ బండి చూపిస్తాను.

గుడాలు రోజుకో రకం. శనగలు, బొబ్బర్లు, అప్పుడప్పుడు పెసలు. బొబ్బర గుడాలు ఉన్న రోజు వెళ్లండి. నానబెట్టి మెత్తగా ఉడికించి, ఎండుమిర్చి, ఎల్లిపాయ, కరివేపాకు తాలింపు వేసి, పైన పచ్చి మామిడికాయ తురుము చల్లుతుంది. పులుపు కారం కలిసిన ఆ రుచికి, పరుగు తర్వాత మొద్దుబారిన నాలుక కూడా లేచి కూర్చుంటుంది.

సర్వపిండి మాత్రం నా లెక్కలో పరుగు ఆపాక రెండో గంటలో తినే తిండి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడ, కారం కలిపి గంజు లోపల పలుచగా అద్ది, వేలితో చిల్లులు పొడిచి, ఆ చిల్లుల్లో నూనె వేసి, మూత పెట్టి సన్నటి సెగ మీద వదిలేస్తుంది. అంచు ఎర్రగా విరిగిపోయేలా, మధ్యలో పప్పు పంటికి తగిలేలా వస్తుంది. వరంగల్ వాళ్లకు దీని గురించి నేను చెప్పక్కర్లేదు. ధర 30 రూపాయలు, ఒక్కటి ఇద్దరు పిల్లలకు సరిపోతుంది. గట్టి పరుగు అయిన వెంటనే ఇది తినకండి, నూనె వల్ల అరగడానికి టైం పడుతుంది. వాకింగ్‌కు వచ్చినవాళ్లు ఎప్పుడైనా తినొచ్చు.

వాకింగ్‌వాళ్ల సంగతి ఎత్తాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఈ బండి దగ్గరికి బరువు తగ్గాలని వచ్చేవాళ్లు చాలామంది. వాళ్లలో ఒక సాఫ్ట్‌వేర్ తమ్ముడు దగ్గర్లోని జిమ్‌లో పొద్దున్నే గట్టి సర్క్యూట్ (ఒకదాని వెంట ఒకటిగా చేసే వ్యాయామాలు) చేసి ఇటు వస్తాడు. "అక్కా, జిమ్ మొదలుపెట్టినప్పటి నుంచి ఆకలే చచ్చిపోయింది. ఏం తినకుండా అట్లే లాగిన్ అయిపోతా" అని సంతోషంగా చెప్పాడు. అక్క అడిగిన ప్రశ్న ఒక్కటే, "మరి పదకొండింటికి ఏం తింటున్నవ్ బిడ్డా?" ఆఫీసులో సమోసాలు, సాయంత్రం మిర్చి బజ్జీలు, రాత్రి బిర్యానీ అని అతనే వరసగా చెప్పాడు. నేను పక్కనే ఉండి లెక్క వేసి చూపించాను. 60 కిలోల మనిషి 5 కిలోమీటర్లు పరుగెత్తితే ఖర్చయ్యేది దాదాపు 300 కేలరీలు. రెండు సమోసాలు, చక్కెర టీతో అది వెనక్కి వచ్చేస్తుంది. పొద్దున వ్యాయామం వల్ల ఆకలి తగ్గడం నిజమే, కానీ అది కాసేపటి సంగతి. దాన్ని చూసి రోజంతా తక్కువ తింటామనుకోవడం తప్పు. ఒక్క రోజు వరకు చూస్తే ఖర్చయినదంతా వెంటనే తిండిలో తీర్చుకోరు చాలామంది. వారాలు గడిచేకొద్దీ కొందరు కొంత తీర్చుకుంటారు, కొందరు మొత్తం తీర్చుకుంటారు. ఒకే వ్యాయామం చేసి ఒకరు తగ్గి ఇంకొకరు తగ్గకపోవడానికి ఇదొక పెద్ద కారణం. ఇప్పుడు ఆ తమ్ముడు అంబలి, ఒక గుడ్డు ఇక్కడే ముగించి, గుడాలు డబ్బాలో పెట్టించుకుని పోతున్నాడు.

కదలకుండా ఉంటే తిండి తగ్గుతుందనే నమ్మకం కూడా నిలవదు. 1956లో జాన్ మేయర్ అనే పోషకాహార శాస్త్రవేత్త, ఇద్దరు భారతీయ సహచరులతో కలిసి పశ్చిమ బెంగాల్‌లో జూట్ మిల్లు మనుషుల మీద ఒక పరిశోధన ప్రచురించాడు. బొగ్గు మోసేవాళ్ల దగ్గర్నుంచి కదలకుండా కూర్చునే దుకాణందారుల దాకా ఎవరు ఎంత తింటున్నారో చూశారు. బరువు పని చేసేవాళ్లు పనికి తగ్గట్టు ఎక్కువ తిన్నారు, బరువు పెరగలేదు. తేలిక పని చేసేవాళ్లు తక్కువ తిన్నారు. అసలు కదలనివాళ్లు మాత్రం తేలిక పనివాళ్లకన్నా ఎక్కువ తిన్నారు, బరువూ ఎక్కువున్నారు. కొంచెమైనా కదిలే ఒంటికి ఎంత తినాలో తెలుస్తుందన్నది దాని సారం. మనదేశంలో మన మనుషుల మీద జరిగిన పని కాబట్టి నాకు ఇది ఎప్పుడూ గుర్తుంటుంది.

వేడి, చలి సంగతి కూడా ఉంది. ఈతకు పోయి వచ్చే పిల్లలు ఈ బండి దగ్గర ఆగకుండా తింటారు, మా ట్రాక్ పిల్లలు మాత్రం ముందు నీళ్లే అడుగుతారు. 2005లో అమెరికాలో చేసిన ఒక పరిశోధనలో 20 డిగ్రీల చల్లటి నీళ్లలో వ్యాయామం చేసినవాళ్లు, 33 డిగ్రీల నీళ్లలో చేసినప్పటి కన్నా తర్వాత 44 శాతం ఎక్కువ తిన్నారు. ఏప్రిల్, మేలలో మా ఎండకు ఆకలి ఇంకా పడిపోతుంది. ఆ రెండు నెలలు అక్క మజ్జిగలో ఉప్పు కాస్త పెంచుతుంది, అంబలి పలుచన చేస్తుంది. ఇది నేను అడిగి చేయించింది కాదు.

నాకు అసలు భయం బరువు పెరగడం గురించి కాదు, మా ఆడపిల్లల గురించి. పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్లలో కాంస్యం తెచ్చాక, మా స్కూల్లో ఆ పరుగు నేర్పమని అడిగే పిల్లలు పెరిగారు. సంతోషమే. కానీ వీళ్లు పొద్దున ఏమీ తినకుండా బస్సెక్కి వస్తారు, గట్టిగా పరుగెత్తుతారు, ఆకలి లేదంటారు, అట్లే ఇంటికి పోతారు. ఇంట్లో పనులుంటాయి. మధ్యాహ్నానికి ఒక ముద్ద. ఖర్చు అంత, లోపలికి పోయేది ఇంత. ఇట్లా నెలల తరబడి సాగితే నెలసరి తప్పుతుంది, ఎముకలు బలహీనపడతాయి, చిన్న చిన్న పగుళ్లు వస్తాయి, జలుబు వదలదు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి ఒక పేరు పెట్టి కోచ్‌లందరినీ హెచ్చరించింది. పైగా మన దగ్గర రక్తహీనత ముందే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తం తక్కువ. మాకు వచ్చే పిల్లలు ఆ ఇళ్ల నుంచే వస్తారు. ఆకలి వేయలేదు కాబట్టి తిండి అక్కర్లేదనుకుంటే పతకం సంగతి పక్కన పెట్టండి, పిల్ల ఆరోగ్యమే పోతుంది.

అందుకే ఈ బండిలో నాకు బాగా నచ్చిన ఇంకో సంగతి, అక్క టీ అమ్మదు. తిండితో పాటు టీ తాగితే ఐరన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది, నిమ్మకాయ, మామిడికాయ లాంటి పులుపులోని సి విటమిన్ ఉంటే పెరుగుతుంది. ఆమె టీ పెట్టకపోవడానికి రెండో పొయ్యి లేకపోవడమే కారణం అయి ఉండొచ్చు. అయినా నాకు మేలే జరిగింది. పక్క బండి నుంచి టీ తెప్పించుకునే పెద్దవాళ్లున్నారు, దయచేసి పిల్లలకు మాత్రం పోయకండి.

లోపాలు లేవని రాయను. గ్లాసులు కడిగే పద్ధతి నాకు నచ్చదు. ఒకే బకెట్‌లో ముంచి తీయడం వద్దని చెప్పాక కుళాయి ఉన్న డ్రమ్ము పెట్టింది, బాగుంది. కానీ ఆదివారం రద్దీలో మళ్లీ బకెట్టే బయటికొస్తుంది. మా పిల్లలు ఎవరి గ్లాసు వాళ్లే తెచ్చుకుంటారు, మీరూ తెచ్చుకోండి. రద్దీ రోజుల్లో సర్వపిండి తొందరగా దించేయడం వల్ల లోపల పచ్చిగా, పైన నూనెగా ఉంటుంది. అట్లాంటప్పుడు అడిగి ఇంకాసేపు గంజులో ఉంచమనండి, విసుక్కోదు. తాగే నీళ్లు ఎక్కడివో అడిగితే ఫిల్టర్ క్యాను చూపించింది, మజ్జిగలో కలిపేది కూడా అదే అని నా కళ్లతో చూశాక నమ్మాను. నీడ ఒక పక్కే ఉంటుంది, ఎనిమిది దాటితే స్టూళ్ల మీద ఎండ పడుతుంది. పరుగెత్తి వచ్చి గంటసేపు కూర్చోవలసినవాళ్లకు అది ఇబ్బందే. బండి మీద ఒక గొడుగు వేయించమని రెండుసార్లు అడగాల్సిన పని లేదు, మా స్టాఫ్ తరఫున మేమే ఇప్పించాలని అనుకుంటున్నాం.

వెళ్లేవాళ్ల కోసం: అక్క తెల్లారేసరికి వస్తుంది, తొమ్మిదికి సర్దేస్తుంది. అంబలి ఎనిమిది లోపే అయిపోతుంది కాబట్టి పరుగు మొదలుపెట్టే ముందే మీ గ్లాసులు ఎన్నో చెప్పి పెట్టుకోండి, విడిగా తీసి ఉంచుతుంది. పిల్లల్ని తెచ్చేవాళ్లయితే ముందు మజ్జిగ, కుదుటపడ్డాక అంబలి, గుడ్లు, పోతూ పోతూ గుడాల పొట్లం. ముగ్గురు పిల్లలకు ఈ మొత్తం 200 రూపాయల లోపే అవుతుంది. ఆన్‌లైన్ పేమెంట్ తీసుకుంటుంది కానీ పొద్దున పూట సిగ్నల్ సతాయిస్తుంది, చిల్లర దగ్గర పెట్టుకోండి. బొబ్బర గుడాలు ఎక్కువగా ఆదివారమే చేస్తుంది.